రెండు ఖాళీ బెంచీలు: కాంటినెంటల్ హాకీ లీగ్ 2011–12 సీజన్

కాంటినెంటల్ హాకీ లీగ్ నాలుగో సీజన్, అంటే 2011 సెప్టెంబరు నుంచి 2012 ఏప్రిల్ వరకు సాగిన పోటీల కాలం, రికార్డు పుస్తకాల్లో మాస్కో డైనమో జట్టు గగారిన్ కప్ గెలుచుకున్న సంవత్సరంగా నమోదైంది. ఆ నమోదులో తప్పేమీ లేదు గానీ, రష్యాలోనూ దాని ఇరుగుపొరుగు దేశాల్లోనూ ఆ ఆట తెలిసినవారిని కదిపితే మొదట వచ్చేది గెలిచిన జట్టు ప్రస్తావన కాదు, ఆడని జట్టు ప్రస్తావన. 24 జట్లతో జరగవలసిన లీగ్ ఆ ఏడాది 23 జట్లతో జరిగింది. మిగిలిన ఆ ఒక్కటీ తన తొలి మ్యాచ్‌కు బయలుదేరిన విమానంలోనే సమసిపోయింది. ఆ దేశపు హాకీలో ఒక జట్టు బెంచీ ఒక్క రోజులో ఖాళీ కావడం అదే మొదటిసారి కాదు. 1950లోనూ అలాగే జరిగింది. ఆ రెండు సందర్భాల్లోనూ ఖాళీని ఎవరు, ఎంత త్వరగా, ఎవరితో నింపారన్నది, నింపడానికి ఎవరు ఒప్పుకోలేదన్నది పక్కపక్కన పెట్టి చూస్తే, సీజన్ అనే మాటకు ఆ దేశంలో ఉన్న అర్థం అరవై ఏళ్లలో ఎంత మారిందో తెలుస్తుంది.

తెలుగునాట హాకీ అంటే గడ్డి మైదానం, వంకీ కర్ర, గట్టి బంతి. ఇక్కడ చెప్పుకుంటున్నది ఐస్ హాకీ. దీన్ని రింక్ అనే, నీటిని గడ్డకట్టించి నున్నగా చేసిన ఆవరణలో, అడుగున ఉక్కు పలక బిగించిన స్కేట్స్ అనే బూట్లు తొడుక్కుని ఆడతారు. బంతి ఉండదు, దాని బదులు పక్ అని పిలిచే గట్టి రబ్బరు బిళ్ల ఉంటుంది. అడ్డం ఏడున్నర సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ, మందం రెండున్నర సెంటీమీటర్లు, బరువు 170 గ్రాములకు మించదు. ఆట ఇరవై నిమిషాల చొప్పున మూడు అంకాలుగా సాగుతుంది. మంచు మీద ఒక్కో జట్టుకు గోల్‌కీపర్‌తో కలిపి ఆరుగురే ఉంటారు గానీ, ఆ వేగంతో ఎవరూ ఏకబిగిన నిమిషానికి మించి ఆడలేరు. కాబట్టి అయిదుగురి దండు దిగి ఆడుతుంటే తక్కినవారు బెంచీ మీద ఎదురుచూస్తూ, ఆట ఆగకుండానే కంచె దూకి వంతు మార్చుకుంటారు. ఆ అయిదుగురి దండును రష్యన్లు ప్యత్యోర్కా అంటారు, అయిదు అంకె నుంచి పుట్టిన మాట అది. ఇలాంటి దండులు నాలుగుండాలి, గోల్‌కీపర్లు ఇద్దరుండాలి, శిక్షకులు, వైద్యుడు, మర్దనకారుడు, స్కేట్స్ పదును పెట్టేవాడు, సామాను చూసుకునేవాడు వెంట ఉండాలి. అందువల్ల ఐస్ హాకీ జట్టు ప్రయాణమంటే సుమారు నలభైమంది ఒకే వాహనంలో కదలడం. ఈ ఆటలో బెంచీ అనే మాటకు అంత బరువు రావడానికీ, కింద చెప్పబోయే రెండు ప్రమాదాలు ఒక్కో జట్టును పునాదులతో పెకలించడానికీ కారణం ఈ ఏర్పాటే.

రష్యన్లకు మంచు మీద ఆట కొత్త కాదు. ఫుట్‌బాల్ మైదానమంత మంచు మీద పదకొండుమంది చొప్పున బంతితో ఆడే బాండీ అనే ఆటను వారు చిరకాలంగా ఎరుగుదురు. పక్‌తో ఆడేదాన్ని కెనడా హాకీ అని వేరుగా పిలిచేవారు. దాని తొలి సోవియట్ ఛాంపియన్‌షిప్ 1946 డిసెంబరు 22న మొదలైంది. ఆర్కాదీ చెర్నిషోవ్ తానే ఆడుతూ తానే శిక్షణ ఇస్తూ నడిపిన మాస్కో డైనమో ఆ తొలి కిరీటాన్ని గెలుచుకుంది. సోవియట్ క్లబ్ అంటే నేటి అర్థంలో వ్యాపార సంస్థ కాదు, ఏదో ఒక ప్రభుత్వ శాఖకు అనుబంధమైన క్రీడా సంఘం. డైనమో పోలీసు, భద్రతా శాఖలది, సి.ఎస్.కె.ఎ. అని తర్వాత పేరు పొందిన జట్టు సైన్యానిది, లోకోమోటివ్ అనే పేరున్న సంఘాలు రైల్వేవి. వైమానిక దళానికీ ఒక జట్టు ఉండేది. ఆ దళం పేరులోని మూడు రష్యన్ మాటల తొలి అక్షరాలతో దాన్ని వి.వి.ఎస్. అనేవారు. దాని పోషకుడు స్టాలిన్ కుమారుడు, వైమానిక దళ సేనాని వాసిలీ స్టాలిన్. ఏ జట్టులో మంచి ఆటగాడు కనిపించినా తన జట్టులోకి లాక్కునే అతని అలవాటు మీద మాస్కోలో ఒక పరిహాసం ఉండేది. ఆ మూడు అక్షరాలకు జనం చెప్పుకున్న విస్తరణ "వ్జ్యాలి వ్సేఖ్ స్పర్త్స్‌మెనవ్", అంటే క్రీడాకారులందరినీ పట్టుకుపోయారని.

1950 జనవరిలో ఆ జట్టు ఉరల్ పర్వతాల తూర్పు అంచున ఉన్న చెల్యాబిన్స్క్ నగరంలో జెర్జినెత్స్ అనే కర్మాగారపు జట్టుతో ఆడడానికి లి-2 అనే రెండు ఇంజన్ల విమానంలో వెళ్తూ, స్వెర్ద్‌లోవ్స్క్ దగ్గరి కోల్త్సోవో విమానాశ్రయంలో మంచుతుఫానులో దిగబోయి కూలిపోయింది. విమానంలోని 19మందీ చనిపోయారు. వారిలో 11మంది ఆటగాళ్లు, ఒక వైద్యుడు, ఒక మర్దనకారుడు, తక్కినవారు విమాన సిబ్బంది. గోల్‌కీపర్ హారిస్ మెలుప్స్ రీగా నగరం నుంచి వచ్చిన లాట్వియా వాడు. యూరీ తరాసోవ్, తర్వాతి కాలంలో సోవియట్ హాకీ పితామహుడిగా పేరు పొందిన శిక్షకుడు అనతోలీ తరాసోవ్‌కు తమ్ముడు. ఆ కాలపు మేటి ఆటగాడు వ్సెవొలోద్ బోబ్రోవ్ విమానంలో కాక రైలులో వెళ్లి బతికాడు. చెల్యాబిన్స్క్ నుంచే మాస్కోకు వచ్చిన విక్తర్ షువాలోవ్‌ను, సొంత ఊరి ప్రేక్షకులు అతన్ని చూసి గొడవ చేస్తారన్న శంకతో ఆ ప్రయాణానికి తీసుకెళ్లలేదంటారు.

ఈ వార్త పత్రికల్లో రాలేదు. ఛాంపియన్‌షిప్ ఆగలేదు. వాసిలీ స్టాలిన్ మనుషులు కొద్ది రోజుల్లోనే అక్కడొకరిని ఇక్కడొకరిని పోగుచేసి కొత్త జట్టును చెల్యాబిన్స్క్ పంపారు, మ్యాచ్ జరిగింది. చనిపోయినవారిలో యూరీ జిబుర్తోవిచ్ ఉన్నాడు. జట్టులోకి కొత్తగా వచ్చినవారిలో అతని సోదరుడు పావెల్ జిబుర్తోవిచ్ ఉన్నాడు. ఇంటిపేర్లతోనే జట్టును ప్రకటించే అలవాటున్న చోట, దూరాన ఉండి ఫలితాలు వినే అభిమానికి ఏ తేడా కనిపించే అవకాశం లేదు. బెంచీ ఖాళీ అయిందన్న సంగతి తెలిసేలోపే నిండిపోయింది. ఆ నిండిన జట్టు 1951, 1952, 1953 సంవత్సరాల్లో వరుసగా ఛాంపియన్ కూడా అయింది. వాసిలీ తండ్రి స్టాలిన్ మరణించాక, 1953లో, దాన్ని రద్దు చేశారు. ఒక శాఖకు చెందిన జట్టు ఆ శాఖాధిపతి అదృష్టంతోపాటే పోవడం ఆ వ్యవస్థలో వింతేమీ కాదు.

ఆ తర్వాతి నలభై ఏళ్ల చరిత్ర అందరికీ తెలిసినదే: ప్రపంచ కిరీటాలు, ఒలింపిక్ స్వర్ణాలు, 1972లో కెనడా వృత్తి ఆటగాళ్లతో ఎనిమిది మ్యాచ్‌ల పోరు, 1989 నుంచి ఒక్కొక్కరుగా ఉత్తర అమెరికాలోని నేషనల్ హాకీ లీగ్‌కు వలస, 1991లో దేశమే విడిపోవడం. అప్పటిదాకా నడిచిన రష్యన్ పోటీల స్థానంలో 2008లో కాంటినెంటల్ హాకీ లీగ్ వచ్చింది. దాని తొలి అధ్యక్షుడు అలెగ్జాందర్ మెద్వెదెవ్ గాస్‌ప్రోమ్ అనే ప్రభుత్వ సహజవాయు సంస్థలో ఎగుమతుల విభాగానికి అధిపతి. రష్యాకు గ్యాస్ ధర బాగా పలికిన రోజుల్లో, గ్యాస్ గొట్టాలు వెళ్లే దిక్కులకే హాకీనీ విస్తరించాలన్న ఊహ ఆ లీగ్‌కు పునాది అనడం మరీ అతిశయోక్తి కాదు. మొదటి సీజన్‌లో 21 రష్యన్ జట్లతోపాటు మిన్స్క్, రీగా, అస్తానా నగరాల నుంచి ఒక్కో జట్టు చేరాయి. అంటే బెలారస్, లాట్వియా, కజకస్తాన్ వచ్చాయి. అంతర్జాతీయ లీగ్ అని పేరైతే పెట్టుకున్నారు గానీ, పటం మీద చూస్తే అది పాత సోవియట్ యూనియనే. 2011లో స్లొవేకియాలోని పోప్రాద్ పట్టణం నుంచి లెవ్, అంటే సింహం, అనే జట్టు చేరినప్పుడు గానీ లీగ్ ఆ పాత సరిహద్దు దాటలేదు.

లీగ్ తన చరిత్రను తానే పేర్లుగా తొడుక్కుంది. జట్లను నాలుగు విభాగాలుగా విడదీసి వాటికి బోబ్రోవ్, తరాసోవ్, ఖర్లామోవ్, చెర్నిషోవ్ అని నామకరణం చేశారు. చెల్యాబిన్స్క్‌కు రైలులో బయలుదేరడం వల్ల బతికినవాడి పేరు ఒక విభాగానికీ, కోల్త్సోవోలో తమ్ముణ్ణి పోగొట్టుకున్నవాడి పేరు ఇంకొక విభాగానికీ వచ్చాయి. మూడోవాడు వలేరీ ఖర్లామోవ్ 1981లో కారు ప్రమాదంలో మరణించాడు. విజేతకు ఇచ్చే కప్పుకు 1961లో అంతరిక్షంలోకి వెళ్లిన తొలి మానవుడు యూరీ గగారిన్ పేరు పెట్టారు. ఎత్తుకు, సాహసానికి గుర్తుగా పెట్టిన పేరు అది. అయితే గగారిన్ కూడా 1968లో విమాన ప్రమాదంలోనే చనిపోయాడన్న సంగతి 2011 తర్వాత వేరేగా వినిపించసాగింది.

ఇలాంటి లీగ్‌ను నిలబెట్టేవి రెండు: డబ్బు, విమానం. డబ్బు గురించి చాలామంది రాశారు. విమానం గురించి రాసినవారు తక్కువ. చైనా సరిహద్దు దగ్గరి ఖబారొవ్స్క్ నగరంలో అమూర్ అనే జట్టు ఉంది. మాస్కో నుంచి అక్కడికి రైలు మార్గం సుమారు 8,500 కిలోమీటర్లు, విమానంలో దాదాపు ఎనిమిది గంటల ప్రయాణం, గడియారంలో ఏడు గంటల తేడా. పోప్రాద్ జట్టు అమూర్‌తో ఆడాలంటే తత్రా పర్వతాల పాదం నుంచి పసిఫిక్ సముద్రపు వాకిలిదాకా వెళ్లాల్సి వచ్చేది. ఒక్కో జట్టుకు ఆ సీజన్‌లో 54 మ్యాచ్‌లు, వాటిలో సగం పరాయి గడ్డ మీద. ప్లేఆఫ్‌లు, అంటే లీగ్ దశ ముగిశాక 16 జట్ల మధ్య నాలుగు గెలుపుల లెక్కన జరిగే నాకౌట్ పోటీలు, వీటికి అదనం. మామూలు ప్రయాణికుల విమానాల వేళలు ఇంత తిరుగుడుకు సరిపోవు. అందుకే క్లబ్బులు చిన్నచిన్న సంస్థల నుంచి మొత్తం విమానాన్నే బాడుగకు తీసుకునేవి. సోవియట్ యూనియన్ విడిపోయాక పుట్టుకొచ్చిన ఆ సంస్థల దగ్గర ఉన్నవి ఎక్కువగా సోవియట్ నమూనాల విమానాలే. లీగ్ నియమావళిలో ఆటగాళ్ల జీతాల పరిమితి నుంచి విదేశీ ఆటగాళ్ల సంఖ్య దాకా అన్నిటికీ లెక్కలున్నాయి. తొలి సీజన్‌లో, 2008 అక్టోబరులో, ఒమ్స్క్ జట్టుకు చెందిన 19 ఏళ్ల అలెక్సేయ్ చెరెపానోవ్ మ్యాచ్ మధ్యలో బెంచీ మీదే కుప్పకూలి చనిపోయినప్పుడు రింక్ దగ్గరి వైద్య ఏర్పాట్ల మీద కళ్లు తెరిచారు. రింక్‌కూ రింక్‌కూ మధ్య ఉన్న ఆకాశం వైపు ఇంకా ఎవరి చూపూ పోలేదు.

యారోస్లావల్ మాస్కోకు ఈశాన్యంగా దాదాపు 250 కిలోమీటర్ల దూరంలో వోల్గా ఒడ్డున ఉన్న పాత నగరం. 2010లో తన వెయ్యేళ్ల పండుగ చేసుకుంది. 1959లో పుట్టిన అక్కడి హాకీ జట్టు మోటారు కర్మాగారపు నీడలో పెరిగి, చాలాకాలం టొర్పెడో పేరుతో ఆడి, ఆ పేరుతోనే 1997లో రష్యా ఛాంపియన్ అయింది. రైల్వే శాఖ పోషణలోకి వచ్చాక 2000లో లోకోమోటివ్ అని పేరు మార్చుకుని 2002, 2003 కిరీటాలనూ గెలుచుకుంది. రాజధాని కాని ఊరు, చమురు బావులు లేని ఊరు ఇంతటి జట్టును నిలుపుకోవడం వెనక ఉన్నది దాని హాకీ పాఠశాల. ఊరి పిల్లలు అయిదారేళ్లకే రింక్ ఎక్కి, పదేళ్లు ఒకే గూటిలో పెరిగి పెద్ద జట్టులోకి వచ్చేవారు. 2010–11 సీజన్‌లో లోకోమోటివ్ పశ్చిమ జట్ల తుదిపోరు దాకా వెళ్లి, మాస్కో శివారు మితిష్చికి చెందిన అట్లాంట్ జట్టు చేతిలో ఓడింది. మరుసటి ఏడాదికి కప్పు మీద గట్టిగా కన్నేసి కొత్త శిక్షకుణ్ణి తెచ్చుకున్నారు. కెనడాకు చెందిన ఆ బ్రాడ్ మెక్‌క్రిమన్ 1989లో కాల్గరీ జట్టుతో స్టాన్లీ కప్, అంటే ఉత్తర అమెరికా లీగ్ విజేత కప్పు, గెలిచినవాడు.

ఆ జట్టులోని పేర్లు చదివితే కాంటినెంటల్ అన్న మాటకు అర్థం తెలుస్తుంది. స్లొవేకియా వాడు పవోల్ డెమిత్ర 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో అందరికంటే ఎక్కువ పాయింట్లు సాధించినవాడు. ఈ ఆటలో పాయింటు అంటే తాను కొట్టిన గోల్ గానీ, తోటివాడి గోల్‌కు తోడ్పడిన పాస్ గానీ. లాట్వియాకు చెందిన కార్లిస్ స్క్రాస్టిన్ష్ ఉత్తర అమెరికాలో ఒక్క మ్యాచ్ కూడా తప్పకుండా వరుసగా 495 మ్యాచ్‌లు ఆడిన డిఫెన్స్ ఆటగాడు. చెక్ దేశం నుంచి యాన్ మారెక్, కారెల్ రాహూనెక్, జోసెఫ్ వాషీచెక్. స్వీడన్ నుంచి గోల్‌కీపర్ స్టెఫాన్ లీవ్. జర్మనీ జట్టుకు ఆడే రాబర్ట్ డీట్రిచ్ పుట్టింది కజకస్తాన్‌లో. బెలారస్ వాడు రుస్లాన్ సలేది మిన్స్క్. సీజన్ తొలి మ్యాచ్ మిన్స్క్ డైనమోతో, 2011 సెప్టెంబరు 8న, అతని సొంత ఊళ్లోనే. జట్టు నాయకుడు ఇవాన్ త్కాచెంకో మాత్రం యారోస్లావల్ బిడ్డే. అతడు కాన్సర్ బాధితురాలైన ఒక బాలిక వైద్యానికి ఎవరికీ చెప్పకుండా డబ్బు పంపుతూ వచ్చాడనీ, చివరి విడతగా అయిదు లక్షల రూబుళ్లు ప్రయాణానికి ముందే పంపాడనీ అతని మరణం తర్వాతే లోకానికి తెలిసింది.

సెప్టెంబరు 7 సాయంత్రం నాలుగు గంటల వేళ, ఎండ కాస్తున్న నిర్మలమైన వాతావరణంలో, యారోస్లావల్ శివారులోని తునోష్నా విమానాశ్రయం నుంచి యాక్-సర్వీస్ అనే సంస్థకు చెందిన యాక్-42 విమానం 37మంది ప్రయాణికులతో, 8మంది సిబ్బందితో బయలుదేరింది. 1993లో తయారైన మూడు ఇంజన్ల జెట్ విమానం అది. రన్‌వే మూడు కిలోమీటర్ల పొడవుంది. యాక్-42కు అందులో సగం చాలు. కానీ ఆ విమానం రన్‌వే చివరికంటా పరుగెత్తి, దాని అవతల గడ్డి నేల మీద మరి 400 మీటర్లు పోయి అప్పుడు లేచింది. లేచీ లేవగానే విమానాలకు దారి చూపే రేడియో యాంటెనా స్తంభానికి తగిలి, వోల్గాలో కలిసే తునోషొంకా అనే చిన్న యేటి ఒడ్డున పడి రెండు ముక్కలైంది. ఇద్దరే సజీవంగా బయటపడ్డారు: విమాన సాంకేతిక ఉద్యోగి అలెగ్జాందర్ సిజోవ్, యారోస్లావల్‌లో పుట్టి పెరిగిన 26 ఏళ్ల ఆటగాడు అలెగ్జాందర్ గలీమోవ్. గలీమోవ్ శరీరం తొంభై శాతం కాలిపోయింది.

అదే సమయానికి ఉఫా నగరంలో సీజన్ ఆరంభ మ్యాచ్ జరుగుతోంది. గత సీజన్ ఫైనల్ ఆడిన ఆ ఊరి జట్టు సలవాత్ యులాయెవ్‌కూ, అట్లాంట్‌కూ మధ్య ఆ మ్యాచ్. నిరుడు లోకోమోటివ్‌ను ఓడించి ఫైనల్‌కు వచ్చిన జట్టు అట్లాంట్ కావడం ఆనాటి యాదృచ్ఛికాలలో ఒకటి. రెండో అంకంలో వార్త అందింది. లీగ్ అధ్యక్షుడు మెద్వెదెవ్ ప్రకటన చేశాడు, ఆటగాళ్లు మంచు మీద తలలు వంచి నిలబడ్డారు, ఆట అక్కడితో ఆగింది. సీజన్ ప్రారంభాన్ని సెప్టెంబరు 12కు వాయిదా వేశారు. యారోస్లావల్‌లో జట్టు సొంత రింక్ అయిన అరీనా 2000లో అప్పుడొక అంతర్జాతీయ రాజకీయ సదస్సు నడుస్తోంది. 10వ తేదీన అదే భవనంలో వరుసగా పేర్చిన శవపేటికల ముందు ఊరు బారులు తీరింది.

ప్రమాద కారణం నవంబరు 2న వెలువడింది. పాత సోవియట్ దేశాల ఉమ్మడి విమానయాన సమితి జరిపిన దర్యాప్తులో యంత్రాల్లో దోషమేదీ కనిపించలేదు. విమానం పరుగెత్తుతుండగా పైలట్లలో ఒకరి కాలు బ్రేకుల మీద ఉంది. ఈ మాట వినడానికి నమ్మశక్యం కాకపోయినా, దాని వెనకాల ఒక పనివాడి అలవాటు ఉంది. విమానంలో పాదాల దగ్గర ఉండే పలకలు రెండు పనులు చేస్తాయి: ముందుకు నెడితే దిశ మారుతుంది, పై అంచు నొక్కితే చక్రాలకు బ్రేకు పడుతుంది. యాక్-42లో పరుగు తీసేటప్పుడు మడమలు నేల మీదే ఆనించి ఉంచాలి. ఆ పైలట్లిద్దరూ అంతకుముందు ఎక్కువకాలం నడిపింది యాక్-40 అనే చిన్న విమానాన్ని. అందులో పాదం మొత్తాన్నీ పలక మీద ఎత్తి పెట్టుకోవడం పరిపాటి. పాత విమానం నేర్పిన భంగిమ కొత్త విమానంలో ప్రాణాంతకమైంది. కొత్త విమానానికి సరిపడా శిక్షణ పూర్తి కాకుండానే పత్రాలు నకిలీవి తయారయ్యాయనీ, సహ పైలట్ రక్తంలో నాడులను మందగింపజేసే ఫినోబార్బిటాల్ అనే మందు జాడ ఉందనీ కూడా దర్యాప్తు తేల్చింది. ఆ సంస్థ అనుమతి రద్దయింది. 1950లో తుఫానును నిందించగలిగారు. ఈసారి ఆకాశం నిర్మలంగా ఉంది.

ఇక ఖాళీ అయిన బెంచీ మాట. లీగ్ మొదటి ఆలోచన 1950 నాటిదాని కంటే మానవీయమైనదే గానీ, రూపంలో దానికి దూరమైనది కాదు. తక్కిన క్లబ్బులన్నీ తమ ఆటగాళ్లలో కొందరిని ముందుకు తెస్తే వారిలోనుంచి లోకోమోటివ్ కొత్త జట్టును ఎంచుకోవాలని, సీజన్ 24 జట్లతోనే సాగాలని ప్రతిపాదించారు. తామే వెళ్తామని పేర్లు ఇచ్చిన ఆటగాళ్లూ ఉన్నారు. క్లబ్ అధ్యక్షుడు యూరీ యాకొవ్లెవ్ కొద్ది రోజుల్లోనే జవాబు చెప్పాడు: ఈ సీజన్‌లో లోకోమోటివ్ పెద్ద లీగ్‌లో ఆడదు. అరువు తెచ్చుకున్న ఆటగాళ్లతో జట్టు పేరును నిలబెట్టవచ్చు, ఆ జట్టును మాత్రం నిలబెట్టలేమన్న వాదన ఆ నిర్ణయంలో ఉంది. దీన్ని కేవలం శోకంగా చూడడం సరికాదు; పదేళ్లు ఒకే పాఠశాలలో పిల్లలను పెంచి జట్టును తయారుచేసే ఊరికి అది వృత్తిపరంగానూ సహజమైన జవాబే. వాసిలీ స్టాలిన్ జట్టు ఎలాగూ ఇతరుల నుంచి లాక్కున్నవారితోనే ఏర్పడింది గనుక మళ్లీ లాక్కుంటే సరిపోయింది. యారోస్లావల్ జట్టు తాను పెంచుకున్నవారితో ఏర్పడింది, మళ్లీ పెంచుకోవలసిందే.

సెప్టెంబరు 12 ఉదయం మాస్కో ఆసుపత్రిలో గలీమోవ్ కన్నుమూశాడు. దాంతో జట్టు ప్రయాణికుల జాబితాలో ఒక్కరూ మిగలలేదు. మరణించినవారి సంఖ్య 44కు చేరింది. అదే రోజు సాయంత్రం లీగ్ మ్యాచ్‌లు మొదలయ్యాయి.

ఆ తర్వాతి ఏడు నెలల ఆటను క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ఉఫాకు ఆడిన అలెగ్జాందర్ రదులోవ్ 63 పాయింట్లతో అందరికంటే ముందు నిలిచి, తన జట్టు ప్లేఆఫ్‌ల నుంచి నిష్క్రమించగానే సీజన్ ముగియకుండానే అమెరికాలోని నాష్‌విల్ జట్టుకు వెళ్లిపోయాడు. లీగ్ దశలో మొదటి స్థానం చెల్యాబిన్స్క్ జట్టు త్రాక్తర్‌ది. 1950 జనవరిలో వైమానిక దళపు జట్టు ఎవరితో ఆడడానికి బయలుదేరిందో ఆ జెర్జినెత్స్ జట్టే పేర్లు మార్చుకుంటూ త్రాక్తర్ అయింది. తూర్పు జట్ల తుదిపోరులో దాన్ని ఒమ్స్క్ అవన్‌గార్ద్ ఓడించింది. ఫైనల్‌లో అవన్‌గార్ద్ 3–1 ఆధిక్యంలో ఉండగా, కటువైన క్రమశిక్షణకు పేరు పడ్డ ఒలెగ్ జ్నారోక్ శిక్షణలోని మాస్కో డైనమో వరుసగా మూడు గెలిచి 4–3తో కప్పును చేజిక్కించుకుంది. గోల్‌కీపర్ అలెగ్జాందర్ యెర్యోమెంకో ప్లేఆఫ్‌ల ఉత్తమ ఆటగాడయ్యాడు. 1947లో తొలి సోవియట్ కిరీటం గెలిచిన క్లబ్‌కు గగారిన్ కప్ అదే మొదటిది. లెవ్ జట్టు పోప్రాద్‌లో ఆడింది ఆ ఒక్క సీజనే. మరుసటి ఏడాదికి సింహం ప్రాగ్ నగరానికి మకాం మార్చింది.

లోకోమోటివ్ ఆట మళ్లీ కనిపించింది డిసెంబరు 12న, అరీనా 2000లోనే, కానీ ఒక మెట్టు కింద. రష్యాలో రెండో స్థాయి పోటీ అయిన వి.హెచ్.ఎల్. అనే లీగ్‌లో సీజన్ సగం గడిచాక చేరడానికి అనుమతి తెచ్చుకున్నారు. 1997 కిరీటం నాటి శిక్షకుడు ప్యోత్ర్ వొరొబ్యోవ్ తిరిగి వచ్చాడు. మంచు మీదకు దిగినవారు ఎక్కువగా ఊరి పాఠశాల పిల్లలు, జూనియర్ జట్టు కుర్రాళ్లు. పెద్ద జట్టులో చోటు ఉండి కూడా మిన్స్క్ ప్రయాణానికి తీసుకెళ్లనందువల్ల మిగిలిపోయిన మాక్సిమ్ జ్యూజ్యాకిన్ వారితో ఉన్నాడు. ఆల్మెత్యెవ్స్క్ పట్టణపు నెఫ్త్యానిక్ జట్టు మీద ఆ కుర్రాళ్లు 5–1తో గెలిచారు. కొత్త పెద్ద జట్టు, అమెరికన్ శిక్షకుడు టామ్ రో చేతుల్లో, 2012–13లో కాంటినెంటల్ లీగ్‌కు తిరిగివచ్చింది.

2012 మే నెలలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్‌లో స్లొవేకియా రష్యా చేతిలో ఓడింది. రజత పతకాలు అందుకోవడానికి నిలబడ్డ స్లొవాక్ ఆటగాళ్లు వీపు మీద డెమిత్ర పేరు, అతని 38 అంకె ఉన్న చొక్కాలు వేసుకున్నారు. లోకోమోటివ్ 2024లో గగారిన్ కప్ ఫైనల్‌కు వచ్చి మగ్నితగోర్స్క్ చేతిలో ఓడి, 2025లో కప్పును మొదటిసారి గెలిచింది. ఫైనల్‌లో ఎదురైన జట్టు చెల్యాబిన్స్క్ త్రాక్తర్. లీగ్ ఏటా సెప్టెంబరులో మ్యాచ్‌లు పెడుతుంది, 7వ తేదీ గడిని మాత్రం ఖాళీగా వదిలేస్తుంది.